జలుబు చేస్తే ఆవకాయ మంట తెలుస్తోంది, రుచి తెలియడం లేదు, ఎందుకు?

చారుప్రియ:
నాలుగు రోజులుగా జలుబు, ముక్కు దిబ్బడ. నిన్న అమ్మ ఇంగువ పోపు వేసి చారు పెడితే పులుపు, ఉప్పు తెలిశాయి గానీ అది చారో, కాచిన చింతపండు నీళ్లో పోల్చుకోలేకపోయాను. సరేలే అని ఆవకాయ కలుపుకుంటే నోరు భగ్గుమంది, కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి, కానీ ఆవకాయ తిన్నట్టే లేదు. నాలుక పాడైతే కారం కూడా తెలియకూడదు కదా?

వేపపువ్వు:
నాలుక బాగానే ఉందండీ, పడకేసింది ముక్కు. నాలుక పట్టేది తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఇంకా ఉమామి (పుట్టగొడుగుల్లో ఉండే ఆ రుచికి 1908లో జపాన్‌లో కికునే ఇకెదా పెట్టిన పేరు). ఇంగువ, కరివేపాకు, జీలకర్ర అని మనం గుర్తుపట్టేదంతా వాసనే. నములుతుంటే అది గొంతు వెనక నుంచి ముక్కు పైభాగానికి ఎక్కుతుంది, అక్కడ వాసనల్ని పట్టి మెదడుకి కబురంపే గ్రాహకాలు (రిసెప్టర్లు) దాదాపు 400 రకాలు ఉంటాయి. వాటి జన్యువులను లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ 1991లో బయటపెట్టారు, 2004లో నోబెల్ వచ్చింది. ఇప్పుడు మీకు ఆ దారి వాచి మూసుకుపోయింది, అంతే. జలుబు తగ్గాక ముక్కు గట్టిగా పట్టుకుని చిటికెడు సోంపు నమలండి, కాస్త తీపి తప్ప ఏమీ ఉండదు, ముక్కు వదిలారా, గుప్పుమంటుంది.

పచ్చిమిర్చి:
కారం సంగతి వదిలేశారే. అది రుచి కాదు, మంట. మిరపకాయలు తరిగి, మర్చిపోయి కన్ను నులుముకున్న రోజు నాకు బాగా అర్థమైంది, కంట్లో రుచిమొగ్గలు లేవు కదా! మిరపలోని కాప్సైసిన్ అతుక్కునే టీఆర్‌పీవీ1 గ్రాహకం 43 డిగ్రీలు దాటిన వేడికి కూడా స్పందిస్తుంది, అందుకే మెదడుకి కాలినట్టే కబురు వెళ్తుంది. దాన్ని 1997లో కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ ఇచ్చారు. నోట్లోంచి ఈ కబురు మోసేది త్రిధార నాడి, ముఖం మీద చెయ్యి పడితే తెలిసేదీ దానివల్లే. ముక్కు దిబ్బడ దానికి అడ్డు కాదు. ఆవపిండి ఘాటుదీ అదే దారి. మంటకి నీళ్లు తాగకండి, కాప్సైసిన్ నీళ్లలో సరిగ్గా కరగదు, పెరుగన్నం తినండి.

గోదారిగట్టు:
అయితే ఉగాది పచ్చడిలో ఆరు రుచులు లేవంటారా? పండగ పూట గొడవలు పెట్టేలా ఉన్నారే.

పచ్చిమిర్చి:
హహ. వగరు కూడా ఎక్కువగా స్పర్శేనండీ, మామిడి పిందెలోని టానిన్లు ఉమ్ములో ప్రొటీన్లను పట్టేసుకుంటే నాలుక గరుకుగా అనిపిస్తుంది. మనవాళ్లు నోటికి తెలిసిందల్లా లెక్కేశారు, నాకైతే అదే సబబు. అసలు తప్పు మా స్కూల్లో గీయించిన బొమ్మ, నాలుక కొసన తీపి, వెనక చేదు అని. రుచిమొగ్గలున్న ప్రతి చోటా అన్నీ తెలుస్తాయి.

మారేడుదళం:
పొడపత్రి ఆకు దొరికితే నమిలి చూడండి. మా తాతయ్య పెరట్లోంచి కోసిచ్చి, వెంటనే నోట్లో చెంచాడు పంచదార పోశారు, అచ్చం ఇసుక! తీపి గ్రాహకాలను అది కాసేపు కట్టేస్తుందట. అదే నోటితో ఉప్పు నాకితే మామూలుగానే ఉంది. తీపి తెలియకపోతే లడ్డూ ఎంత దరిద్రంగా ఉంటుందో ఆ రోజే చూశాను.

చారుప్రియ:
అప్‌డేట్: కుడి ముక్కు తెరుచుకుంది. వంటింట్లోంచి ఇంగువ వాసన వస్తోంది, కాఫీ మాత్రం ఇంకా చేదు వేడినీళ్లలానే ఉంది.