హైదరాబాద్‌లో త్రోస్ కోచ్‌గా నిలదొక్కుకోవచ్చా? కాలేజీ లెవెల్లో ఏ దారి పట్టాలి?

డిస్కస్_తార్నాక:

అందరికీ నమస్తే. ఎం.పి.ఎడ్. (వ్యాయామ విద్యలో పీజీ) చివరి ఏడాదిలో ఉన్నాను, తార్నాకలో రూమ్. డిగ్రీ నుంచి త్రోస్‌లో, అంటే విసిరే ఈవెంట్లలో, డిస్కస్, షాట్‌పుట్ వేస్తున్నాను. యూనివర్సిటీ టీమ్‌లో ఆలిండియా ఇంటర్ యూనివర్సిటీ మీట్‌కి వెళ్లాను కానీ మెడల్ వచ్చే స్థాయి కాదు నాది, అది నాకు తెలుసు. కొంతకాలంగా పొద్దున్నే జూనియర్లకి నేర్పిస్తున్నాను. వాళ్లలో ఒక అబ్బాయికి టర్న్‌లో ఎడమ కాలు ఎప్పుడూ ఆలస్యంగా దిగేది, అది సరిచేశాక డిస్కస్ నాలుగు మీటర్లు ముందుకెళ్లింది. ఆ రోజు నాకు కలిగిన సంతోషం నేను వేసినప్పుడు ఎప్పుడూ కలగలేదు. అప్పటి నుంచి ఒకటే ఆలోచన, కాలేజీ స్థాయిలో త్రోస్ కోచ్ అవ్వాలి, అది కూడా జీవితాంతం చేసే పనిగా.

ఇక్కడే టెన్షన్ మొదలు. మన కాలేజీల్లో ఎక్కడ చూసినా ఒకే పీడీ (ఫిజికల్ డైరెక్టర్), అన్ని ఆటలూ ఆయనే. విడిగా త్రోస్ కోచ్ అనే పోస్టు నాకెక్కడా కనపడలేదు. ఒక సీనియర్ నెట్ (యూజీసీ జాతీయ అర్హత పరీక్ష) రాసి పీడీ అవ్వమంటున్నాడు, ఇంకొకరు పటియాలాలో ఎన్ఐఎస్ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పోర్ట్స్) కోచింగ్ డిప్లొమా చెయ్యమంటున్నారు. మా కజిన్ అమెరికాలో ఎంఎస్ చేస్తున్నాడు, అక్కడ ప్రతి కాలేజీకీ త్రోస్ కోచ్ విడిగా ఉంటాడు, గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా, అంటే పీజీ చదువుతూ కోచ్‌కి సహాయకుడిగా, చేరితే ఫీజు కూడా ఉండదు అంటున్నాడు. నాన్న ఆర్టీసీలో చేస్తారు, ఆయన మాత్రం కానిస్టేబుల్‌కో గ్రూప్స్‌కో ప్రిపేర్ అవ్వమని రోజూ ఫోన్ చేస్తారు. ఆయన్ని తప్పు పట్టలేను. ఈ రంగంలో ఉన్నవాళ్లు ఉన్నది ఉన్నట్టు చెప్పండి, ప్లీజ్.

పీడీ_సార్:

తమ్ముడూ, నువ్వన్నది నిజమే, మన డిగ్రీ కాలేజీల్లో త్రోస్ కోచ్ పోస్టు లేదు. ఉన్నది ఫిజికల్ డైరెక్టర్ పోస్టు. దానికి పీజీలో 55 శాతం, నెట్ గానీ సెట్ (రాష్ట్ర స్థాయి అర్హత పరీక్ష) గానీ పీహెచ్‌డీ గానీ ఉండాలి, ఇంటర్ కాలేజియేట్ లేదా ఇంటర్ యూనివర్సిటీ ఆడిన రికార్డు ఉండాలి, అది నీకెలాగూ ఉంది. మన రాష్ట్రంలో సెట్ ఉస్మానియానే పెడుతుంది, నెట్‌తో పాటు అది కూడా రాయి. ఇంకొకటి, యూజీసీ నిబంధనల్లో ఫిట్‌నెస్ టెస్ట్ ఉంది, 30 ఏళ్లలోపు మగవాళ్లు 12 నిమిషాల్లో 1800 మీటర్లు పూర్తి చెయ్యాలి. మామూలు వాళ్లకి పెద్ద విషయం కాదు, కానీ వంద కిలోలు దాటిన త్రోయర్లు దీన్ని తేలిగ్గా తీసుకుని చివర్లో ఇబ్బంది పడటం చూశాను. ఇప్పటి నుంచే వారానికి రెండుసార్లు పరుగెత్తు.

ఉద్యోగం వచ్చాక ఎలా ఉంటుందంటే, కబడ్డీ టీమ్ నీదే, వాలీబాల్ నీదే, స్పోర్ట్స్ డే నీదే, అడ్మిషన్ల పని, పరీక్షల డ్యూటీ కూడా నీవే. త్రోస్‌కి దొరికేది పొద్దున ఆరు నుంచి ఎనిమిదిన్నర, సాయంత్రం ఓ గంటన్నర. అంతే. అయినా నేను ఈ దారే మంచిదంటాను. ఎందుకంటే గ్రౌండ్ తాళం, స్టోర్ రూమ్ తాళం నీ చేతిలో ఉంటాయి. బయట కోచింగ్ చేసేవాళ్లకి పెద్ద బాధ అదే, పిల్లలుంటారు, డిస్కస్ ఉంటుంది, వేసుకోవడానికి జాగా ఉండదు. నగరంలో ఏ మైదానానికైనా సాయంత్రం వెళ్లి చూడు, ఐదారు క్రికెట్ ఆటలు ఒకదాని మీద ఒకటి నడుస్తుంటాయి. వాటి మధ్యలో 800 గ్రాముల ఈటె విసిరే ధైర్యం ఎవరికీ ఉండకూడదు.

ప్రిన్సిపాల్‌ని ఒప్పించి ఓ మూల త్రోయర్లు నిలబడి విసిరే సిమెంటు సర్కిల్స్ రెండు వేయించుకుంటే పదేళ్ల పని అయిపోయినట్టే. షాట్‌కి 2.135 మీటర్లు, డిస్కస్‌కి 2.5 మీటర్ల వ్యాసం. మేస్త్రీ అలవాటు కొద్దీ సిమెంటు నున్నగా రుద్దేస్తాడు, అలా చేస్తే వాన పడ్డ మర్నాడు పిల్లలు జారిపడతారు. పక్కన నిలబడి కొంచెం గరుకుగా ఉంచమని చెప్పు. డిస్కస్‌కి కేజ్ (సర్కిల్ చుట్టూ కట్టే రక్షణ వల) లేకుండా గుంపుగా ప్రాక్టీస్ పెట్టొద్దు, వల కనీసం నాలుగు మీటర్ల ఎత్తుండాలి. హ్యామర్ (తీగకి కట్టిన గుండు తిప్పి విసిరేది) మాత్రం సరైన కేజ్ ఉన్న స్టేడియంలోనే, కాలేజీ గ్రౌండ్‌లో ఆ సాహసం వద్దు.

ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీల్లో నెట్ లేకుండా కూడా తీసుకుంటారు, జీతం తక్కువ, ఏటా రెన్యువల్ టెన్షన్. అక్కడ చేరినా నెట్ చదువు ఆపకు.

పటియాలా_రిటర్న్:

పీడీ సార్ చెప్పిందాంట్లో తప్పేం లేదు గానీ ఎన్ఐఎస్ గురించి ఎవరూ సరిగ్గా చెప్పట్లేదు కాబట్టి నేను చెప్తాను. రెండు వేరువేరు కోర్సులున్నాయి. ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు ఒకటి, అది పునాది మాత్రమే, దాంతో కోచ్ పోస్టు వస్తుందని ఎవరైనా అంటే నమ్మొద్దు. ఏడాది డిప్లొమా వేరు. సాయ్ (స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా) కోచ్ నోటిఫికేషన్లలో అడిగేది ఈ డిప్లొమానే. బయోమెకానిక్స్, ఫిజియాలజీ, ట్రైనింగ్ ప్లాన్ రాయడం, ఇవన్నీ పుస్తకంలో చదవడం వేరు, అక్కడ క్యాంపులో ఉండే నేషనల్ త్రోయర్లని రోజూ చూస్తూ చదవడం వేరు. నాకు కోర్సు కంటే అదే ఎక్కువ ఉపయోగపడింది. షాట్‌పుట్ పిల్లాడు సీజన్‌కి ముందు ఏ వారం ఎంత బరువు ఎత్తుతున్నాడు, ఏ వారం తగ్గిస్తున్నాడు, ప్రాక్టీస్‌లో 6 కిలోల గుండు ఎప్పుడు పట్టుకుంటున్నాడు, 8 కిలోలది ఎప్పుడు పట్టుకుంటున్నాడు అని రాసుకున్న నోట్‌బుక్ ఇప్పటికీ తీసి చూస్తాను.

హైదరాబాద్ గురించి ఒక మాట. స్ప్రింట్స్, హర్డిల్స్‌లో ఈ ఊరికి పేరుంది. నాగపురి రమేష్ గారు ఇక్కడే పనిచేసి 2016లో ద్రోణాచార్య అందుకున్నారు, జ్యోతి యర్రాజీ కూడా భువనేశ్వర్ వెళ్లకముందు ఇక్కడ ఆయన దగ్గరే ట్రైనింగ్ తీసుకుంది. అంటే ఒక కోచ్ ఒకే చోట ఏళ్ల తరబడి కుదురుగా ఉంటే ఏమవుతుందో మన కళ్ల ముందే ఉంది. త్రోస్‌లో ఆ స్థాయి పని ఇంకా జరగాలి. నీరజ్ చోప్రా 2021 టోక్యో గోల్డ్ తర్వాత జావెలిన్ పట్టుకుంటామని వచ్చే పిల్లలు బాగా పెరిగారు, 2023 వరల్డ్ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో మొదటి ఆరు స్థానాల్లో ముగ్గురు మనవాళ్లే, నీరజ్, కిశోర్ జెనా, డీపీ మను. ఆ ఊపులో వచ్చిన పిల్లలకి మోచెయ్యి పాడవకుండా నేర్పేవాళ్లు జిల్లాల్లో లేరు. నీరజ్‌కే 2019లో మోచేతికి ఆపరేషన్ అయింది. పద్నాలుగేళ్ల పిల్లాడు యూట్యూబ్ చూసి రోజూ ఫుల్ రనప్‌తో విసిరితే ఆ చెయ్యి ఎన్నాళ్లుంటుంది?

మిడ్‌వెస్ట్_త్రోస్:

తమ్ముడూ, నేను వరంగల్ వాడిని. గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా వచ్చి ఇప్పుడు ఇక్కడ అమెరికాలో డివిజన్ 2 (కాలేజీ క్రీడల్లో రెండో స్థాయి) కాలేజీలో అసిస్టెంట్ కోచ్‌గా త్రోస్ చూస్తున్నాను. మీ కజిన్ చెప్పింది సగం నిజం. గ్రాడ్యుయేట్ అసిస్టెంట్ పోస్టు దొరికితే ట్యూషన్ మాఫీ, నెలకి కొంత స్టైపెండ్ నిజమే. కానీ ఆ పోస్టులు అడ్మిషన్‌తో పాటు ఆటోమేటిక్‌గా రావు, హెడ్ కోచ్ నిన్ను నమ్మాలి. ఒక్కో పోస్టుకి ఇక్కడి కాలేజీల్లోనే విసిరి, యూఎస్ఏటీఎఫ్ (అమెరికా అథ్లెటిక్స్ సంఘం) లెవెల్ 1 కోచింగ్ కోర్సు చేసినవాళ్లు బోలెడుమంది పోటీలో ఉంటారు.

పని ఏంటో చెప్తాను, దూరం నుంచి చూస్తే సర్కిల్ పక్కన నిలబడి వీడియో తీయడమే అనిపిస్తుంది. షాట్, డిస్కస్, హ్యామర్, జావెలిన్ నాలుగూ, ఆడా మగా ఇద్దరికీ, ఒక్కడే కోచ్. డిసెంబర్ నుంచి మార్చి దాకా ఇండోర్ సీజన్, అందులో వెయిట్ త్రో అని వేరే ఈవెంట్, మగవాళ్లకి 35 పౌండ్లు, ఆడవాళ్లకి 20 పౌండ్లు, మనవాళ్లలో చాలామంది దాన్ని చూసి కూడా ఉండరు. ఆ తర్వాత అవుట్‌డోర్. హైస్కూల్‌లో అబ్బాయిలు 12 పౌండ్ల గుండు, 1.6 కిలోల డిస్కస్ వేసి వస్తారు, కాలేజీలో ఒక్కసారిగా 16 పౌండ్లు, 2 కిలోలు. మొదటి ఏడాది దూరాలు పడిపోతాయి, పిల్లలు కుంగిపోతారు, వాళ్లని నిలబెట్టడమే పెద్ద కోచింగ్. మన దగ్గర అండర్ 18కి 5 కిలోలు, అండర్ 20కి 6 కిలోలు అని మెట్లు మెట్లుగా పెరుగుతుంది కాబట్టి ఆ దెబ్బ కాస్త తక్కువ.

సగం పని రిక్రూటింగ్. హైస్కూల్ పిల్లల మార్కులు వెతకడం, ఫోన్లు, తల్లిదండ్రులతో మాట్లాడటం, వాళ్ల గ్రేడ్లు చూడటం. డివిజన్ 3లో స్పోర్ట్స్ స్కాలర్‌షిప్పే ఉండదు, అక్కడ పిల్లాడిని చదువు పేరు చెప్పే తెచ్చుకోవాలి. ఇంగ్లిష్‌లో అవతలి అమ్మానాన్నలకి నమ్మకం కలిగేలా మాట్లాడగలగాలి, నాకు టెక్నిక్ కంటే ఇదే కష్టంగా అనిపించింది. హెడ్ కోచ్ మారితే అసిస్టెంట్లు కూడా సర్దుకోవాల్సిందే, ప్రతి వేసవిలో ఆ భయం ఉంటుంది. వీసా సంగతి ఇంకోటి. యూనివర్సిటీలకి హెచ్1బీ లాటరీ వర్తించదు, అది మంచి విషయం, కానీ ఒక త్రోస్ అసిస్టెంట్ కోసం ఆ ఖర్చు పెట్టుకునే కాలేజీలు కొన్నే.

అయితే పై స్థాయిలో ఈ వృత్తి ఎంత దూరం వెళ్లగలదో కూడా తెలుసుకో. కాలిఫోర్నియా యూనివర్సిటీ బర్క్‌లీలో త్రోస్ కోచ్‌గా చేసిన మో సాతారాని చూడు. ఆయన దగ్గర నేర్చుకున్న మైకోలస్ అలెక్నా 2024 ఏప్రిల్‌లో డిస్కస్ 74.35 మీటర్లు వేసి 1986 నాటి ప్రపంచ రికార్డు బద్దలుకొట్టాడు, మరుసటి ఏడాది 75.56కి తీసుకెళ్లాడు. అదే కోచ్ దగ్గర కామ్రిన్ రోజర్స్ పారిస్‌లో హ్యామర్ గోల్డ్ గెలిచింది. మన వికాస్ గౌడ కూడా నార్త్ కరోలినా యూనివర్సిటీలో విసిరినవాడే, 2014 గ్లాస్గో కామన్‌వెల్త్‌లో గోల్డ్ తెచ్చాడు. కాలేజీ కోచ్ అంటే చిన్న పని కాదు.

అప్పు చేసి మాత్రం రావొద్దు. గ్రాడ్యుయేట్ అసిస్టెంట్ లెటర్ చేతిలో పడితేనే విమానం ఎక్కు.

షాట్‌పుట్_అక్క:

నేను కోచ్‌ని కాదు, ఒకప్పుడు త్రోయర్‌ని. స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం, సికింద్రాబాద్‌లోనే ఉంటాను. అందరూ పోస్టుల గురించి చెప్పారు, నేను పిల్లల వైపు నుంచి చెప్తాను.

త్రోస్‌కి వచ్చే అమ్మాయిలు ఎందుకు మానేస్తారో తెలుసా? టెక్నిక్ రాక కాదు. బరువు పెరగాలి, భుజాలు పెరగాలి, ఇంట్లో ప్రతి పండక్కీ చుట్టాలు వచ్చి "ఇలా తయారైతే సంబంధాలు ఎలా వస్తాయే" అంటారు. మా కోచ్ మా ఇంటికి వచ్చి అమ్మతో కూర్చుని మాట్లాడారు, షాట్‌పుట్ ఎలా వేస్తారో చూపించారు, ఉద్యోగాలు ఎలా వస్తాయో చెప్పారు. ఆయన రాకపోతే ఇంటర్‌తోనే ఆపించేసేవాళ్లు. ఇంకొకటి తిండి. హాస్టల్‌లో అన్నం పప్పు తిని పొద్దున స్నాచ్, స్క్వాట్ చేస్తే శరీరం ఎక్కడి నుంచి తెచ్చుకుంటుంది? నువ్వు కాలేజీలో చేరగానే వార్డెన్‌తో మాట్లాడి త్రోయర్లకి రెండు గుడ్లు అదనంగా వేయించు, చాలా మారుతుంది. జిమ్‌లో ఎవడో ఇచ్చిన పౌడర్లు మాత్రం ముట్టనివ్వకు, నాడా (జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ) పరీక్షలో దొరికితే పిల్ల జీవితం పోతుంది, "నాకు తెలియదు" అంటే వాళ్లు వినరు.

ఎండాకాలం ప్రాక్టీస్ ఐదున్నరకే మొదలెట్టు. దూరం నుంచి బస్సులో వచ్చే పిల్లలుంటారు, ఫస్ట్ బస్ టైమ్ చూసి టైమ్ పెట్టు, ఆలస్యమైందని మాత్రం తిట్టకు.

డిస్కస్_తార్నాక:

అందరికీ చాలా థ్యాంక్స్, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. అక్కా, మీరు రాసింది నాన్నకి చదివి వినిపించాను, ఆయన ఏమీ అనలేదు కానీ పూర్తిగా విన్నారు. అమెరికా ప్రస్తుతానికి పక్కన పెడుతున్నాను, అప్పు చేసే పరిస్థితి మాకు లేదు. పీడీ సార్, పటియాలా అన్నా, ఒక్క డౌట్: నెట్ ముందా, డిప్లొమా ముందా? ఏడాది పటియాలా వెళ్తే ఇక్కడ నేను చూస్తున్న పిల్లల సంగతేంటి? వాళ్లలో ఇద్దరు వచ్చే ఏడాది ఇంటర్ యూనివర్సిటీకి వెళ్లగలిగిన వాళ్లు.

పీడీ_సార్:

నెట్ ముందు. జూన్‌లో ఒకటి, డిసెంబర్‌లో ఒకటి, ఏడాదికి రెండుసార్లు ఉంటుంది, పిల్లల ప్రాక్టీస్ ఆపకుండానే చదవొచ్చు. వాళ్ల ఇంటర్ యూనివర్సిటీ అయ్యాక డిప్లొమాకి వెళ్లు.

పటియాలా_రిటర్న్:

నాదీ అదే మాట. ఇప్పటి నుంచే ప్రతి పిల్లాడి త్రోలు తారీఖు వేసి రాయి: ఏ బరువు, స్టాండింగా ఫుల్ టర్నా, ఎంత దూరం. పక్క నుంచి ఒకటి, వెనక నుంచి ఒకటి వీడియో తీసి పెట్టు. ఎక్కడ ఇంటర్వ్యూ అయినా సర్టిఫికెట్ల తర్వాత అడిగేది "ఎవరిని తయారుచేశావు" అనే. ఆ ఇద్దరిలో డిస్కస్ ఎవరు వేస్తారు? వాళ్ల వీడియో ఉంటే ఇక్కడే పెట్టు, చూసి చెప్తాను.