దేవుడు పోషిస్తాడని నమ్ముతూనే అప్పుల చింతతో నిద్ర పట్టకపోతే, అది అవిశ్వాసమేనా?

ప్రశ్న

ప్రభువు నామమున అందరికీ వందనములు. చాలాకాలంగా ఇక్కడి చర్చలు చదువుతున్నానే తప్ప ఎన్నడూ ఏమీ రాయలేదు. ఇప్పుడు అడగక తప్పని స్థితి వచ్చింది.

రెండేళ్ల క్రితం మా నాన్నగారి వైద్యానికి అప్పు చేశాను. ఆయన కోలుకున్నారు, అందుకు దేవునికి స్తోత్రం. ఆ అప్పు తీరకముందే నేను పనిచేసే చోట జీతాలు తగ్గించారు. పాత వాయిదా కట్టడానికి మరొక చోట తెచ్చాను, దాని వడ్డీ కట్టడానికి ఇంకొక చోట చేయి చాచాను. పగలు పనిలో పడి ఎలాగో గడిచిపోతుంది గానీ, రాత్రి మూడు గంటలకు మెలకువ వచ్చిందంటే ఇక కంటి మీద కునుకు ఉండదు. ఒక పాత కవరు వెనుక అంకెలన్నీ వేసుకొని కూడుతూ కూర్చుంటాను. నిన్న రాత్రి వచ్చిన మొత్తమే ఈ రాత్రీ వస్తుందని తెలిసే కూడతాను. ఆ కవరు మడతల దగ్గర చిరిగిపోతే, అవే అంకెలను మొన్న ఇంకొక కాగితం మీదికి ఎక్కించుకున్నాను.

ఇంతకంటే బాధపెట్టే సంగతి ఒకటి ఉంది. మా సంఘంలో ఆదివారపు బడి పిల్లలకు మత్తయి సువార్త 6వ అధ్యాయం కంఠతా చెప్పించేది నేనే. చింతింపకుడి అని వారికి నేర్పి ఇంటికి వచ్చి నేను చేసే పని ఇది. ఈ చింత పాపమా? ఇలా లెక్కలు వేసుకోవడమే నా అవిశ్వాసానికి గుర్తా? తెలిసిన విశ్వాసి ఒకరు, నీ స్థితికి మించిన కానుక ఒకటి విశ్వాసంతో విత్తు, అప్పులన్నీ వాటంతట అవే తీరిపోతాయి అంటున్నారు. ఆ కానుకకు కూడా నేను అప్పే చేయాలి. అప్పు మొత్తం ఎంతో నా భార్యకు ఇంతవరకు పూర్తిగా చెప్పలేదని కూడా ఒప్పుకుంటున్నాను.

మొదటి సమాధానం

సహోదరా, వందనములు. ఉద్యోగం పోయినవారికీ, అప్పుల్లో ఉన్నవారికీ చింతింపకుడి అన్న ఒక్క మాట ఫోనులో పంపి తమ బాధ్యత తీరిందనుకునేవారిని చాలామందిని చూశాను. మీకు అలాంటి సమాధానం ఇవ్వదలచుకోలేదు కనుక కాస్త వివరంగా రాస్తాను.

మీరు పిల్లలకు నేర్పించే ఆ భాగాన్ని 25వ వచనం నుండి కాకుండా 24వ వచనం నుండి చదవండి. మీరు దేవునికిని సిరికిని దాసులుగా నుండనేరరు అని చెప్పిన తరువాతే ప్రభువు "అందువలన" అంటూ చింత గురించి మాట్లాడడం మొదలుపెట్టాడు. అంటే అక్కడ మొదట తేలవలసింది మన యజమాని ఎవరన్నది. డబ్బు ఉన్నవాడు దాన్ని కొలిచినట్లే, లేనివాడు కూడా దాన్నే తలచుకుంటూ దానికి ఊడిగం చేయగలడు. అర్ధరాత్రి లేచి కూర్చున్నప్పుడు మనల్ని లేపింది ఎవరో ఒకసారి ఆలోచించుకోవాలి.

ఇక చింత అనే మాట సంగతి. ఫిలిప్పీయులకు రాసిన పత్రిక 4వ అధ్యాయంలో దేనినిగూర్చియు చింతపడకుడి అన్న పౌలే, అదే పత్రిక 2వ అధ్యాయంలో తిమోతిని మెచ్చుకుంటూ, మీ క్షేమవిషయమై నిజముగా చింతించువాడు అన్నాడు. మన తెలుగు బైబిలులో ఆ రెండు చోట్లా చింతే. మూలమైన గ్రీకులో కూడా రెండు చోట్లా ఒకే క్రియాపదం. కాబట్టి ఇంటివారి క్షేమం కోసం మీ మనసు కదలడమే తప్పని ఎవరూ అనలేరు. ఆ కదలిక ప్రార్థనగా దేవుని దగ్గరకు చేరుతున్నదా, లేక మీలోనే తిరిగి తిరిగి మిమ్మల్ని తినేస్తున్నదా అన్నదే తేడా. పైగా చింతింపకుడి అన్న ప్రభువే కొద్ది వాక్యాల తరువాత, అడవిపువ్వులు ఏలాగు ఎదుగుచున్నవో ఆలోచించుడి అన్నాడు. గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుండి తగులుబడి లెక్క చూసుకోడా అని అడిగినవాడూ ఆయనే (లూకా 14:28). లెక్క చూడడం అవిశ్వాసమైతే ఆయన ఆ ఉపమానం చెప్పేవాడు కాడు.

నాకు ఈ విషయంలో ఎక్కువగా ఉపయోగపడింది నిర్గమకాండము 16వ అధ్యాయం. అరణ్యంలో ఇశ్రాయేలీయులకు దేవుడు కురిపించిన ఆహారమైన మన్నాను ఒక్కొక్కరికి ఒక ఓమెరు (ఆనాటి కొలత) చొప్పున ఆనాటికి సరిపడేంత కూర్చుకొమ్మని, ఉదయం వరకు ఏమీ మిగుల్చుకోవద్దని ఆజ్ఞ. కొందరు మిగుల్చుకున్నారు, అది పురుగుపట్టి కంపు కొట్టింది. ఇంతవరకు అందరం చెప్పుకుంటాం. మరునాడు విశ్రాంతి దినం కనుక ఆరవ దినమున మాత్రం రెండేసి ఓమెరులు కూర్చి మరునాటికి ఉంచుకొమ్మన్నాడు. అది కంపు కొట్టలేదు, పురుగు పట్టలేదు. అదే మన్నా, అదే పాత్ర, అదే రాత్రి. రేపు ఇవ్వడేమో అనే భయంతో దాచింది పాడైంది, ఆయన చెప్పాడని దాచింది నిలిచింది. కనుక పొదుపునూ లెక్కనూ విశ్వాసానికి విరోధులుగా చూడకండి. మీ కవరు మీది లెక్క ఆరవ దినపు మూటలాంటిది కావచ్చు, కాకపోవచ్చు. అది మీకే తెలుస్తుంది.

రెండవ సమాధానం

సహోదరునికి వందనములు. పైవారు వాక్యాన్ని బాగా వివరించారు. అప్పుల్లో మునిగి బయటపడిన ఒక గృహిణిగా నేను ఆచరణ గురించి రాస్తాను. ముందుగా మీ చివరి వాక్యానికే జవాబు చెబుతాను, ఎందుకంటే నా దృష్టిలో మీ ప్రశ్న అంతా అక్కడే ఉంది.

రాజులు రెండవ గ్రంథము 4వ అధ్యాయంలో ప్రవక్తల శిష్యుల్లో ఒకరి భార్య ఎలీషా ప్రవక్త దగ్గరకు వస్తుంది. భర్త చనిపోయాడు, అప్పులవాడు ఆమె ఇద్దరు కుమారులను దాసులుగా పట్టుకుపోవడానికి వచ్చాడు. దేవునియందు భయభక్తులు గలవాని ఇంట్లోనే ఇంత అప్పు ఉందని గమనించండి. ఆ అప్పు ఎందుకు చేశావని ఎలీషా ఒక్క మాటైనా అనలేదు. నీ ఇంట్లో ఏమున్నదో చెప్పమని మాత్రమే అడిగాడు. నూనె కుండ ఒకటి తప్ప ఏమీ లేదని ఆమె ఉన్నది ఉన్నట్లు చెప్పింది. ఆ తరువాత ఇరుగుపొరుగువారందరి దగ్గర వట్టి పాత్రలు ఎరవు తెచ్చుకొమ్మన్నాడు. ఇంటింటికీ వెళ్లి పాత్రలు అడిగిన ఆ విధవరాలి పరిస్థితి ఆ వీధిలో ఎవరికి తెలియకుండా ఉండి ఉంటుంది? నూనె ఆమె తెచ్చినన్ని పాత్రలూ నింపింది. అప్పుడైనా అప్పు దానంతట అదే మాయం కాలేదు. నూనె అమ్మి అప్పు తీర్చి, మిగిలినదానితో నీవును నీ పిల్లలును బ్రదుకుడి అన్నాడు దైవజనుడు. అద్భుతం జరిగింది, అమ్మకమూ జరిగింది, అప్పులవాడికి ముట్టవలసిందీ ముట్టింది.

నేను మాత్రం దాదాపు ఏడాదిపాటు పాత్రలు అడగకుండా తలుపు మూసుకున్నాను. నా భర్తకు సగం చెప్పి సగం దాచాను. తలుపు దగ్గర ఎవరి అడుగుల చప్పుడు వినిపించినా గుండె ఝల్లుమనేది. ఒక సాయంత్రం ఆయన బీరువాలో ఏదో వెదుకుతుండగా చీరల మడతల మధ్య నేను దాచిన వాయిదా నోటీసు కింద పడింది. దాన్ని చదివి ఆయన కోప్పడలేదు; ఇంతకాలం నువ్వు ఒక్కదానివే మోశావా అని మాత్రం అడిగారు. ఆ రాత్రి ఇద్దరం కూర్చొని ఒక నోటుపుస్తకంలో ఎవరికి ఎంత, వడ్డీ ఎంత, గడువు ఎప్పుడు, ఏది ఆలస్యమైతే ఎక్కువ నష్టం అన్నవి రాసుకున్నాం. మొత్తం నేను భయపడినదానికంటే ఎక్కువే వచ్చింది. అయినా చాలా నెలల తరువాత నాకు ఆ రాత్రే నిద్ర పట్టింది.

ఆ తరువాత రెండు పనులు చేశాం. గడువు దాటిపోయాక ముఖం చాటేయడం మానేసి, గడువుకు ముందే వెళ్లి ఈ నెల ఇంతే ఇవ్వగలం అని చెప్పాం. ఇద్దరు ఒప్పుకున్నారు, ఒకరు ఒప్పుకోలేదు. వడ్డీ ఎక్కువగా ఉన్న అప్పును ముందుగా తీర్చాలని, ఏ పరిస్థితిలోనూ అప్పు తీర్చడానికి మళ్లీ అప్పు తేకూడదని నిర్ణయించుకున్నాం. ఇక రెండవది కొందరికి చిన్నపిల్లల ఆటలా అనిపించవచ్చు. లెక్కలకు వారంలో ఒక్క సాయంత్రం, ఒక్క గంట కేటాయించుకున్నాం. ఆ గంట మొదట్లోనూ చివర్లోనూ ప్రార్థన. మిగతా రోజుల్లో, ముఖ్యంగా రాత్రివేళ, ఏ చింత వచ్చినా దాన్ని ఒక చీటీ మీద రాసి డబ్బాలో వేసి, ప్రభువా, దీని సంగతి ఆ సాయంత్రం నీ సన్నిధిలో చూస్తాను అని చెప్పి పడుకునేదాన్ని. ఏనాటికీడు ఆనాటికి చాలును అన్న మాటను నేను నేర్చుకున్నది ఆ డబ్బాతోనే. వారాంతంలో తీసి చూస్తే సగం చీటీల మీద ఒకే విషయం ఉండేది.

కానుక విషయంలో నా మాట కాస్త కటువుగా ఉంటే క్షమించండి. అప్పు చేసి కానుక ఇమ్మని చెప్పేవారు ముందుగా కొరింథీయులకు రాసిన రెండవ పత్రిక 8వ అధ్యాయం 12వ వచనం చదవాలి. శక్తికి మించి కాదు గాని కలిమి కొలదియే యిచ్చినది ప్రీతికరమవును అని అక్కడ స్పష్టంగా ఉంది. మీ చేతిలో ఉన్నదాంట్లో నుండి, ఎంత చిన్నదైనా, సంతోషంగా ఇవ్వండి. అప్పు ఇచ్చినవారికి చెందవలసిన సొమ్మును కానుక పెట్టెలో వేస్తే అది మీ కానుక కాదు, వారి కానుక.

మూడవ సమాధానం

సహోదరి చెప్పినదంతా ఒప్పుకుంటూనే ఒక సంగతి చేర్చాలి. ఇలాంటి చర్చల్లో చివరకు అప్పు తీరిన సాక్ష్యాలే ఎక్కువగా వినిపిస్తాయి, తీరనివారు మౌనంగా ఉండిపోతారు. మేము ప్రార్థించాం, పొదుపు చేశాం, గడువుకు ముందే వెళ్లి మాట్లాడాం. అయినా ఇల్లు అమ్మవలసి వచ్చింది. ఆ రోజుల్లో దేవుడు మీ ప్రతి అవసరమును తీర్చును అన్న వాక్యం వింటే నాకు కోపం వచ్చేది.

తరువాత ఆ వాక్యం ఉన్న ఫిలిప్పీయుల పత్రికను మొదటి నుండి చదివాను. ఆ మాట రాసిన పౌలు అప్పుడు బంధకాల్లో ఉన్నాడు. కలిమిలోనూ లేమిలోనూ ఉండడం నేర్చుకున్నానని, ఆకలిగొనడం కూడా నేర్చుకున్నానని ఆ వచనానికి కొంచెం ముందే చెప్పాడు. మరొక పత్రికలో ఆకలిదప్పులు, చలి, దిగంబరత్వం అని తన కష్టాల పట్టీయే ఇచ్చాడు. కాబట్టి ఆయన అవసరము తీర్చును అన్నది కొరత ఎన్నడూ కలగదని కాదు. అదీగాక ఆ మాట ఎవరికి రాశాడు? ఎపఫ్రొదితు చేతికిచ్చి తనకు సహాయం పంపిన సంఘానికి. పౌలు అవసరం ఆ విడత తీరింది వారి సంచుల్లో నుండి. యూదయలో కరవు వచ్చినప్పుడు కూడా ఆకాశం నుండి మన్నా కురవలేదు; అంతియొకయలోని శిష్యులు ఎవరి శక్తికొలది వారు పోగుచేసి బర్నబా, సౌలుల చేత పంపారు (అపొస్తలుల కార్యములు 11).

విశ్వాసంతో జీవించిన వారికి ఉదాహరణగా జార్జి ముల్లర్‌ను అందరూ చెబుతారు. 1836లో బ్రిస్టల్‌లో అనాథల కోసం పని మొదలుపెట్టి, 1898లో చనిపోయేలోగా పదివేల మందికి పైగా పిల్లలను సాకిన ఆయన ఏ మనిషినీ డబ్బు అడగలేదన్నది ప్రసిద్ధమే. అయితే ఆయన అప్పు చేయడానికి ఒప్పుకునేవాడు కాదనీ, వచ్చిన ప్రతి కానుకకూ లెక్క రాసి ఏటేటా నివేదికలు అచ్చువేయించేవాడనీ కూడా చెబితే బాగుంటుంది. ప్రార్థన సంగతి చెప్పి ఖాతాపుస్తకం సంగతి దాచేస్తే మనం ఆయన జీవితంలో సగమే చెప్పినట్లు.

మేము ఇప్పుడు అద్దె ఇంట్లో ఉన్నాం. దేవుడు మమ్మల్ని విడిచిపెట్టాడని ఈ రోజు అనను. ఎందుకు అలా జరిగిందో మాత్రం నాకు ఇప్పటికీ తెలియదు.

అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. మూడవ సమాధానం చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. ఆ నిజాయితీ నాకు ధైర్యాన్నే ఇచ్చింది.

నిన్న రాత్రి ఆ కాగితాన్ని నా భార్య ముందు పెట్టాను. ఆమె దాన్ని తీసుకొని రెండు చోట్ల అంకెలు దిద్దింది. నేను దాచానని అనుకున్న అప్పుల్లో రెండు ఆమెకు ముందే తెలుసు, వాటి మీద వడ్డీ కూడా నాకంటే సరిగ్గా తెలుసు. కానుక కోసం అప్పు చేయబోనని ఆ విశ్వాసికి ఈ ఉదయం మర్యాదగానే చెప్పాను.

ఒక్క సందేహం మిగిలింది. సంఘానికి చెప్పాలంటే సిగ్గుగా ఉంది. ఎవరి బరువు వారే మోయాలి కదా?

రెండవ సమాధానం రాసినవారు

మీరు అంటున్నది గలతీయులకు రాసిన పత్రిక 6వ అధ్యాయంలోని 5వ వచనం. ఒకని భారముల నొకడు భరించుడి అన్న 2వ వచనం దానికి మూడు వచనాల ముందే ఉంది. రోజువారీ వాయిదాలు మీ బరువు, వాటిని మీరే మోయండి. వైద్యం వల్ల నెత్తిన పడింది ఒక్కరు మోయగలిగిన భారం కాదు.

సంఘమంతటి ముందు నిలబడి చెప్పనక్కరలేదు. మీ కాపరికీ, నోరు జారని పెద్ద ఒకరికీ చెబితే చాలు. వెళ్లేటప్పుడు మీ భార్యను వెంట తీసుకువెళ్లండి, ఆమె దిద్దిన కాగితాన్నీ తీసుకువెళ్లండి. కష్టంలో ఉన్నామని మాత్రమే చెబితే వారు ప్రార్థన చేసి పంపించేస్తారు. మొత్తం ఎంతో, ఈ నెల తక్కువ పడేది ఎంతో అంకెతో సహా చెప్పండి.