ఫుడ్ కోర్టులో ఇంటి డబ్బా తెరవకూడదా?

పటమట పద్మ: ఆదివారం అత్తయ్యను, పిల్లల్ని మాల్‌కి తీసుకెళ్లాం. ఆవిడకి షుగరు, టైముకి తినాలి. పిల్లలకి పిజ్జా కొని, ఆవిడకి పెరుగన్నం డబ్బా మూత తీశానో లేదో సెక్యూరిటీ అబ్బాయి వచ్చేశాడు. "బయటి ఫుడ్ తినకూడదు మేడమ్." అందరూ మావైపే చూస్తుంటే అత్తయ్య గబగబా మూత పెట్టేసింది. ఇదేం న్యాయం?

బీసెంట్‌రోడ్ బాబు: బయటి తిండి ఆపే హక్కు యజమానికి ఉందని 2023 జనవరిలో సుప్రీంకోర్టే చెప్పింది.

పటమట పద్మ: అది సినిమా హాళ్ల గురించండీ. మంచినీళ్లు ఊరికే ఇవ్వాలని, పసిపిల్లల కోసం తెచ్చింది ఆపకూడదని కూడా అందులోనే ఉంది.

అరండల్‌పేట రవి: ఫుడ్ కోర్టు కార్డులో మిగిలిన డబ్బులు వెనక్కిస్తారా? ఎవరికైనా తెలుసా?

బీసెంట్‌రోడ్ బాబు: మీ అత్తగారు పసిపిల్లా? అద్దె, కరెంటు స్టాళ్ల వాళ్ల నెత్తిన. మీరు టేబుల్ ఆక్రమించి డబ్బాలు తెరిస్తే, కొన్నవాడు ట్రే పట్టుకుని నిలబడాలి.

పటమట పద్మ: మేమూ కొన్నాం! బిల్లు ఫొటో పెట్టమంటారా?

గుణదల కుర్రాడు: పులిహోర అయ్యుంటే సెక్యూరిటీకీ కాస్త పెట్టి గట్టెక్కేవాళ్లు అక్కా 😀

బీసెంట్‌రోడ్ బాబు: బిల్లు మాకెందుకు? పోయిన దసరాకి మా షాపులో ఓ కుటుంబం చీరలన్నీ విప్పించి, మంచినీళ్లు తాగి, "మాల్‌లో కూడా చూసొస్తాం" అని లేచిపోయారు. అక్కడ రేటు చీటీ చూసి కిక్కురుమనరు. బేరాలన్నీ మా దగ్గరే.

పటమట పద్మ: అదా మీ కడుపుమంట! పెరుగన్నం మీద తీర్చుకుంటున్నారన్నమాట. మోకాళ్ల నొప్పుల మనిషిని మే ఎండలో బీసెంట్ రోడ్డంతా నడిపించనా? తోపుడుబళ్ల మధ్య కూర్చోడానికి అరుగైనా లేదు. మాల్‌లో లిఫ్టుంది, బాత్రూముంది.

బీసెంట్‌రోడ్ బాబు: అంటే కూర్చోడానికే వెళ్తున్నారు, కొనడానికి కాదు. నేను మొదట్నుంచీ అనేది అదే.

పటమట పద్మ: అవును, కూర్చోడానికే! ఈ ఊళ్లో ముసలివాళ్లు చల్లగా ఓ గంట కూర్చోవాలంటే ఏదో ఒకటి కొని తీరాలా?

అరండల్‌పేట రవి: కార్డు సంగతి ఎవరూ చెప్పరేం?

బీసెంట్‌రోడ్ బాబు: మా షాపుకి తీసుకురండి. ఫ్యాను కింద కుర్చీ వేస్తా, డబ్బా కూడా తెచ్చుకోండి. చీర మాత్రం తీసుకోవాలి.

పటమట పద్మ: చూశారా, మీరూ అక్కడికే వచ్చారు!