అమ్మకు డిప్రెషన్ మందు మొదలుపెట్టి పన్నెండు రోజులైంది, మార్పు కనిపించడం లేదు: ఆపేయాలా?

డిండివాగు:
మాది మర్రిగూడ మండలంలోని ఒక పల్లె. అమ్మ వయసు 58. నాన్న పోయి పద్నాలుగు నెలలైంది. మా ఊళ్ళో వయసు మళ్ళిన చాలామందిలాగే అమ్మకు కూడా ఫ్లోరైడు నీళ్ళ వల్ల నడుము, మోకాళ్ళు ఎప్పుడో పట్టేశాయి. భగీరథ నీళ్ళు వచ్చినా ఎముకల్లో చేరింది తిరిగి పోదు కదా. ఆ నొప్పులతోనే ఆమె ఇన్నేళ్ళూ పత్తి ఏరింది, మమ్మల్ని చదివించింది.

అయితే ఆరేడు నెలలుగా ఆమె చెప్పే బాధ వేరుగా ఉంది. "ఒళ్ళంతా మంటలు, పానం గుంజుతున్నది, రొమ్ము మీద రాయి పెట్టినట్టున్నది" అంటుంది. తెల్లవారుజామున మూడు గంటలకే లేచి గడప మీద కూర్చుంటుంది. బియ్యం ఏరుతూ ఏరుతూ చేట ఒళ్ళో పెట్టుకొని అలాగే ఉండిపోతుంది. గంట తరువాత చూసినా ఆ చేటలో రాళ్ళు అక్కడే ఉంటాయి. ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర వారానికి రెండు సూదులు వేయించాం. ఎక్స్‌రే, ఈసీజీ, నడుముకు ఎమ్మారై అన్నీ తీయించాం. చివరికి నల్లగొండలో ఒక ఎముకల డాక్టరు గారు మానసిక వైద్యుల దగ్గరకు పంపితే, వారు డిప్రెషన్ అని నిర్ధారించి ఉదయం ఎస్సిటలోప్రామ్ 10 మిల్లీగ్రాములు, రాత్రి నిద్రకు, ఆందోళనకు క్లొనాజెపామ్ అర గోలీ రాశారు.

నేటికి పన్నెండు రోజులు. నిద్ర కొంచెం పడుతున్నది తప్ప మరేమీ మారలేదు, పైగా కడుపులో తిప్పుతున్నదంటుంది. మా మేనమామలు ఇవి పిచ్చిగోలీలని, అలవాటు పడితే జీవితాంతం వదలవని, రేపు కరెంటు షాకు కూడా పెడతారని అంటున్నారు. అన్నీ ఆపేసి అయిదు అమావాస్యలు చెర్వుగట్టు శివుని గుడి దగ్గర నిద్ర చేయించాలని, తెలిసినాయన ఇచ్చే చూర్ణం వాడాలని పట్టుబడుతున్నారు. ఇది నిజంగా జబ్బేనా, లేక భర్త పోయిన దుఃఖమేనా? మందు ఆపమంటారా? మొన్న అన్నం పెడుతుంటే "నేను పోతే నీకు బరువు తగ్గుతది బిడ్డా" అన్నది. ఆ మాట దగ్గర నుంచి నాకు నిద్ర లేదు.

ఓపీ చీటీ:
మీరు చివర రాసిన మాటతోనే మొదలుపెడతాను, ఎందుకంటే మిగిలిన ప్రశ్నలన్నీ వారం ఆగగలవు, అది మాత్రం ఆగదు. ఈ సాయంత్రమే అమ్మ పక్కన కూర్చొని, ఎవరూ లేనప్పుడు, సూటిగా అడగండి: "చనిపోవాలని అనిపిస్తున్నదా అమ్మా? ఎట్లా అని కూడా ఆలోచించినవా?" అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు. అలా జరగదు. అడిగితే మోసే బరువు కాస్త పంచుకున్నట్టవుతుంది. రెండవ పని, పత్తి చేనుకు కొట్టే మందు డబ్బాలు ఇంట్లో ఉంటే ఈ రోజే ఇంటి నుంచి తరలించండి. గోలీలన్నీ మీ దగ్గరే ఉంచుకొని ఏ పూటకు ఆ పూట చేతికివ్వండి. ఆమె అవునంటే ఒంటరిగా వదలకుండా వెంటనే రాసిన డాక్టరు గారి దగ్గరకో, పెద్ద దవాఖాన అత్యవసర విభాగానికో తీసుకుపోండి. రాత్రివేళ మీకే దిక్కు తోచకపోతే 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబరులో మొదలైన టెలిమానస్ అది. రాత్రీపగలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ఇక మందు సంగతి. ఎస్సిటలోప్రామ్ పన్నెండు రోజుల్లో పనిచేయలేదని ఆపడం, నాటిన పన్నెండో రోజున మొలక రాలేదని చేను దున్నేయడం వంటిది. రెండు నుంచి నాలుగు వారాలకు మార్పు మొదలవుతుంది, పూర్తి ఫలితానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పట్టవచ్చు. కడుపులో తిప్పడం, తలనొప్పి, కొద్దిగా ఆందోళన మొదటి వారాల్లోనే వచ్చి చాలామందిలో వాటంతటవే తగ్గుతాయి. అన్నం తిన్నాక వేసుకుంటే కొంత మేలు. చాలామంది సరిగ్గా ఈ రెండో వారంలోనే, అంటే దుష్ఫలితాలు వచ్చి ఫలితం ఇంకా రాని రోజుల్లోనే, మందు మానేసి "మాకు పడలేదు" అనుకుంటారు.

అలవాటు గురించి మీ మామయ్యల భయం పూర్తిగా ఉత్తది కాదు, కానీ వారు వేలు చూపించవలసిన గోలీ వేరు. నెలల తరబడి వాడితే శరీరం అలవాటు పడేది క్లొనాజెపామ్‌కు. సాధారణంగా దాన్ని మొదటి కొన్ని వారాలకే ఇచ్చి మెల్లగా తగ్గిస్తారు. ఎప్పుడు తగ్గిస్తారో వచ్చేసారి తప్పక అడగండి. ఎస్సిటలోప్రామ్ మీద యావ పుట్టదు, మోతాదు పెంచుకుంటూ పోవాలనిపించదు. అయితే దాన్ని ఒక్కసారిగా మానేస్తే తల తిరగడం, తలలో కరెంటు కొట్టినట్టు జిల్లుమనడం ఉండవచ్చు కాబట్టి, మానేటప్పుడు డాక్టరు చెప్పినట్టు దించుకుంటూ రావాలి.

మీరు అడగనిది ఒకటి నేను అడుగుతాను. ఆర్‌ఎంపీ సూదులు, నొప్పి గోలీలు ఇంకా సాగుతున్నాయా? వాటి పేర్లేమిటి? బీపీ గోలీ ఏదైనా ఉందా?

డిండివాగు:
సూదులు సాగుతూనే ఉన్నాయండి, డైక్లోఫెనాక్ అని చీటీ మీద ఉంది. గోలీల డబ్బాలో ట్రమడాల్ అని రాసి ఉన్న ఒక పట్టీ కూడా ఉంది. బీపీకి టెల్మిసార్టన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన గోలీ రెండేళ్ళుగా వేసుకుంటున్నది. మానసిక వైద్యులకు ఇవేవీ చెప్పలేదు. వేరే జబ్బు మందులు కదా అనుకున్నాను.

ఓపీ చీటీ:
మొదటి రోజు ఓపీలో జరగవలసిన సంభాషణ ఇది. ట్రమడాల్‌ను ఎస్సిటలోప్రామ్‌తో కలిపితే మెదడులోని సెరటోనిన్ అనే రసాయనం అతిగా పెరిగి వణుకు, చెమటలు, జ్వరం, గందరగోళం రావచ్చు, మూర్ఛ కూడా రావచ్చు. డైక్లోఫెనాక్‌తో కలిస్తే కడుపులో రక్తస్రావం అయ్యే ప్రమాదం పెరుగుతుంది; మలం నల్లగా కనిపిస్తే ఆగకుండా దవాఖానకు తీసుకుపోవాలి. ఆ బీపీ గోలీ, ఈ డిప్రెషన్ గోలీ రెండూ రక్తంలో సోడియాన్ని తగ్గించగలవు, వయసు పైబడిన ఆడవాళ్ళలో అది ఎక్కువ. తగ్గితే నీరసం, మతిమరుపు, తూలడం వస్తాయి, అప్పుడు ఇంట్లోవాళ్ళు జబ్బు ముదిరిందనుకుంటారు. బీపీ గోలీ మీకై మీరు ఆపకండి. పట్టీలన్నీ ఒక సంచిలో వేసుకొని రేపే డాక్టరు గారికి చూపించండి. ట్రమడాల్ ఎంతకాలంగా, రోజుకెన్ని వాడుతున్నారో చెప్పి, దాన్ని ఎలా ఆపాలో అక్కడే తేల్చుకోండి. అందాకా మరో సూది వేయించకండి. సోడియం, థైరాయిడ్, రక్తహీనత, విటమిన్ బీ12 పరీక్షలు చేయించారో లేదో కూడా అడగండి. థైరాయిడ్ తగ్గినా, బీ12 తగ్గినా మనిషి అచ్చం ఇలాగే చేట ఒళ్ళో పెట్టుకొని కూర్చుంటుంది.

పాలమూరు పంతులు:
నేను వైద్యుణ్ణి కాను, ఈ జబ్బు అనుభవించినవాణ్ణి. జబ్బా, దుఃఖమా అన్న మీ ప్రశ్నకు నాకు తెలిసినంతలో చెబుతాను. మన వైపు పల్లెల్లో దీనికి ఎప్పటినుంచో మాట ఉంది. రంది వేరు, మనాది వేరు. అప్పు తీరితేనో, కూలికి పోయిన కొడుకు పుణె నుంచి ఫోన్ చేస్తేనో రంది తగ్గుతుంది. మనాది పట్టినవానికి కొడుకు ఇంటికొచ్చి ఎదుట కూర్చున్నా తగ్గదు. దుఃఖం అలలా వస్తుంది, మధ్యలో మనవడు నవ్విస్తే మనిషి నవ్వుతుంది. రెండు వారాలకు పైగా దాదాపు రోజంతా మనసు చచ్చుబడి, దేని మీదా ఆసక్తి లేక, నిద్ర, ఆకలి, శక్తి పోయి, తాను ఎందుకూ పనికిరానని నమ్మడం మొదలైతే డాక్టర్లు దాన్ని డిప్రెషన్ అంటారు. మీ అమ్మగారి దుఃఖం నిజమే, దాని మీద జబ్బు వచ్చి కూర్చున్నదీ నిజమే కావచ్చు. విడి విడిగా చూడనవసరం లేదు. ఏళ్ళ తరబడి ఒళ్ళు నొప్పి ఉన్నవాళ్ళకు డిప్రెషన్ తేలిగ్గా వస్తుందని, వచ్చాక అదే నొప్పి రెట్టింపుగా తెలుస్తుందని నాకు చికిత్స చేసిన డాక్టరు గారు చెప్పారు. ఫ్లోరైడు ఊళ్ళలో ఎంతమంది అమ్మలు మనాదికి సూదులు వేయించుకుంటున్నారో అని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది.

నా సంగతి చెప్పాలంటే, ఆరో తరగతికి గంట కొట్టినా స్టాఫ్ రూమ్ కుర్చీలోంచి లేవలేకపోయేవాణ్ణి. చేతిలో సుద్దముక్క నలిపి నలిపి పొడి చేసేవాణ్ణి. మందు మొదలైన అయిదో వారంలో ఒకరోజు, పక్కింట్లో పోపు వాసన వచ్చింది. అంటే అన్నాళ్ళూ వాసనలే తెలియలేదన్నమాట. నాలుగో నెలలో బాగైపోయిందని నాకై నేను మానేశాను. రెండు నెలల్లో మళ్ళీ అదే కుర్చీ. బాగయ్యాక కూడా ఆరు నుంచి తొమ్మిది నెలలు కొనసాగించాలని అప్పుడు తెలిసింది.

మందుతో పాటు నన్ను లేపింది మరొకటి ఉంది. కౌన్సెలరు గారు క్యాలెండరు వెనుక రోజుకు మూడు చిన్న పనులు రాయించేవారు: మొక్కకు నీళ్ళు, వీధి చివరి వరకు నడక, ఒకరికి ఫోన్. మనసు బాగైతే పని చేద్దామని ఆగకుండా, పని వైపు నుంచి మనసును కదిలించే పద్ధతి ఇది. గోవాలో మానసిక వైద్యుడు విక్రమ్ పటేల్ బృందం ఇదే పద్ధతిని డాక్టర్లు కాని మామూలు మనుషులకు నేర్పించి, ఆరు నుంచి ఎనిమిది సార్లు కలిసి మాట్లాడించడంతోనే తీవ్రమైన డిప్రెషన్‌లో కూడా మేలు జరిగిందని 2017లో చూపించింది. మీ అమ్మగారికి చేటెడు బియ్యం ఇవ్వకండి. గుప్పెడు ఇవ్వండి, మీరూ పక్కన కూర్చొని ఏరండి.

ఆకుపసరు:
నేను ఆయుర్వేదం మీద నమ్మకం ఉన్నవాణ్ణి కనుక నా మాట కూడా వినండి. మెదడులో సెరటోనిన్ తగ్గడమే డిప్రెషన్ అన్న సిద్ధాంతానికి నిలకడైన ఆధారాలు లేవని 2022లో లండన్ పరిశోధకులే సమీక్షించి రాశారు. కారణమే తేలనప్పుడు ఆ గోలీ దేన్ని బాగు చేస్తున్నట్టు? అశ్వగంధ, యోగా, ప్రాణాయామం మన చేతిలో ఉండగా అరవైకి దగ్గరపడిన మనిషిని ఇన్ని గోలీల పాలు చేయడం నాకు నచ్చదు.

ఓపీ చీటీ:
ఆ సమీక్ష నిజమే, "కెమికల్ తగ్గింది" అని రోగులకు ఒక్క ముక్కలో చెప్పడం మా వృత్తిలోని సోమరితనమే. వంశంలో ఉండటం, చిన్ననాటి దెబ్బలు, అయినవాళ్ళ మరణం, అప్పు, ఒంటరితనం, నొప్పి, థైరాయిడ్, తాగుడు, ఇవన్నీ ఒక్కో మనిషిలో ఒక్కో పాళ్ళలో కలుస్తాయి. కానీ చరిత్రలో సిద్ధాంతం ముందు పుట్టి మందు తరువాత రాలేదు. 1950లలో క్షయకు ఇచ్చిన ఇప్రోనియజిడ్ అనే మందుతో రోగులు హుషారవడం చూసిన తరువాతే, అది ఎలా పనిచేస్తున్నదో వెతకడం మొదలైంది. ఉత్తుత్తి గోలీతో పోల్చిన పరీక్షల్లో ఈ మందుల మేలు సగటున ఓ మోస్తరుదే అయినా నిజమైనదే. జబ్బు తీవ్రంగా ఉన్నవారిలో ఆ తేడా బాగా కనిపిస్తుంది. స్వల్పంగా ఉన్నవారికి మాటల చికిత్స, వ్యాయామంతో మొదలుపెట్టడమే మేలని నేనూ అంటాను. చావు మాట వచ్చిన ఇంట్లో మాత్రం అనను.

యోగా, నడక తప్పక చేయించండి, మోకాళ్ళు వంగకపోతే కుర్చీలో కూర్చొనే చేయవచ్చు. అశ్వగంధ ఒత్తిడి తగ్గిస్తుందని కొన్ని చిన్న అధ్యయనాలు ఉన్నాయి గాని, డిప్రెషన్ మందుకు బదులుగా నిలబడేంత ఆధారం లేదు. అది థైరాయిడ్ హార్మోన్‌ను మార్చగలదు, క్లొనాజెపామ్ మత్తును పెంచగలదు. ఆన్‌లైన్‌లో దొరికే సెయింట్ జాన్స్ వర్ట్ అనే మూలిక మందు అయితే ఎస్సిటలోప్రామ్‌తో కలపనే కూడదు. నాకు అన్నింటికన్నా భయం పేరులేని చూర్ణం అంటే. కీళ్ళనొప్పుల పొడుల్లో స్టెరాయిడ్ కలిపి అమ్మిన సందర్భాలు ఉన్నాయి; వారంలో నొప్పులు మాయమవుతాయి, ముఖం ఉబ్బుతుంది, స్టెరాయిడే మనసును మళ్ళీ కుంగదీయగలదు.

షాకు గురించి కూడా మామయ్యలకు చెప్పండి. మీ అమ్మగారి చికిత్స దాని దరిదాపుల్లో లేదు. అన్నం నీళ్ళు మానేసిన రోగులకు, మందులు పనిచేయనివారికి అది నిజంగా ప్రాణం నిలిపే చికిత్స. మత్తు ఇవ్వకుండా చేయడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది.

ఆకుపసరు:
లేబుల్ లేని చూర్ణం విషయంలో మీతో ఏకీభవిస్తాను. చదువుకున్న ఏ వైద్యుడూ కాగితంలో పొట్లం కట్టి ఇవ్వడు. అశ్వగంధ విషయంలో మన వాదన మరోసారి.

పాలమూరు పంతులు:
చెర్వుగట్టుకు వద్దనకండి, డిండివాగు గారూ. మా అమ్మ నన్నూ తీసుకుపోయింది. గుట్ట మీద రాత్రంతా తోటి మనుషుల మధ్య పడుకోవడం నాకు చెడు చేయలేదు. మీ మామయ్యలను శత్రువులను చేసుకుంటే, రేపు మీరు పనికి పోయినప్పుడు అమ్మ దగ్గర కూర్చునేది ఎవరు? గోలీలు ఆపకూడదన్న ఒక్క షరతు పెట్టండి.

డిండివాగు:
నిన్న రాత్రి అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత "రెండుమాట్ల అనిపించింది బిడ్డా, చేన్ల మందు డబ్బా దిక్కు చూసిన" అన్నది. పెద్ద మామయ్య తలుపు దగ్గర నిలబడి విన్నాడు. ఏమీ అనకుండా ఆ డబ్బాలు తీసి సైకిల్ మోటరుకు కట్టుకొని తన బావి కాడికి తీసుకుపోయాడు. ఈ ఉదయం నల్లగొండకు ఆయనే వెంట వచ్చాడు. డాక్టరు గారు సంచిలో ఉన్నవన్నీ చూసి ట్రమడాల్ ఆపించారు, నొప్పులకు పారాసిటమాల్ రాశారు, బీపీ గోలీ మార్చారు, వారంలో మళ్ళీ రమ్మన్నారు. కొంతకాలం చూసి, అవసరమైతే నొప్పికి, మనసుకు రెండింటికీ పనికొచ్చే డులోక్సెటిన్ అనే మందు గురించి ఆలోచిద్దామన్నారు. అమ్మను ఇప్పుడు ఒంటరిగా ఉంచడం లేదు, రాత్రి చిన్నత్త పక్కన పడుకుంటుంది.

అమావాస్యకు వెళదామని మామయ్య అంటున్నాడు, డాక్టరు గారు సరేనంటేనే వెళతాం. గోలీల డబ్బా తన సంచిలోనే పెట్టుకుంటానన్నాడు. రేపు సోడియం, థైరాయిడ్, బీ12 పరీక్షలకు రక్తం ఇవ్వాలి. పరగడుపున పోవాలా?

ఓపీ చీటీ:
ఆ మూడింటికీ అవసరం లేదు. టీ తాగించి, ఉదయం గోలీ వేసి తీసుకుపోండి.