పరిగెత్తుకొచ్చి వేస్తే బంతి అదుపులో ఉండట్లేదు, ఏం చేయాలి?

మావాడికి పన్నెండేళ్లు, క్రికెట్‌లో మీడియం పేస్ వేస్తాడు. నిలబడి వేస్తే చక్కగా పడుతుంది, పరిగెత్తుకొస్తే మాత్రం ఒకటి ఫుల్‌టాస్, ఇంకోటి వాడి కాళ్ల ముందే పడుతుంది, పైగా నోబాల్స్. ఎక్కడ సరిచేయాలండీ?

↳ రనప్ (పరిగెత్తుకొచ్చే దూరం) కొలిచారా? క్రీజు దగ్గర మొదలెట్టి వెనక్కి తిరిగి పరిగెత్తించండి, గెంతు వచ్చిన చోట సున్నంతో గీత గీయండి, రోజూ అక్కణ్నుంచే రావాలి. ముందుకాలు నేలకు గట్టిగా ఆనాకే బంతి వదలాలి. తొందరపడితే ఫుల్‌టాస్, ఆలస్యమైతే షార్ట్.

↳ ఎడమచేతిని కూడా చూడండి. అది ముందే పక్కకు పడిపోతే తల వంగుతుంది, ఇక లైన్ ఎక్కడుంటుంది! అన్నట్టు, ఏ బంతితో వేయిస్తున్నారు? పెద్దవాళ్లది కనీసం 156 గ్రాములుంటుంది, వాడికి బరువే.

↳ పెద్దవాళ్లదేనండీ, నాదే తప్పు. ఫోన్‌లో స్లోమోషన్ తీశాను, కాలు గాల్లో ఉండగానే వదిలేస్తున్నాడు.

↳ అయితే వారం పాటు మూడడుగుల రనప్ చాలు.