‘వివరింపదగున్’ అంటే విడమరచి చెప్పడమా, ఇగురంగ చూడటమా?

నల్లగొండ: సుమతీ శతకంలోని ‘వినదగు నెవ్వరు చెప్పిన’ పద్యం రెండో పాదం కొన్నాళ్లుగా నన్ను వదలడం లేదు. ‘వినినంతనె వేగపడక విచారింపదగున్’ అని బడిలో చదివినట్టు గుర్తు. చెవిలో గొంతులు వినపడేవాళ్ల కోసం, వాళ్ల ఇంటివాళ్ల కోసం ఒక పేజీ కాగితం తయారు చేస్తున్నాను. మధ్యలో మందుల టైము, అడుగున ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోను టెలి మానస్ నంబరు 14416, పైన ఈ పద్యం. ‘అన్నంల మందు కలిపిన్రు, తినకు’ అని గొంతు చెప్పగానే పళ్లెం నెట్టేయకుండా, ‘ఆ గొంతు మళ్లీ వచ్చింది’ అని గమనించి, చేతిలో ఉన్న ముద్ద తినగలగాలి. మైండ్‌ఫుల్‌నెస్‌లో మేం నేర్పేది ఇదే. కానీ మా దిక్కు ‘విచారించు’ అంటే బాధపడటం కూడా. తల్లిదండ్రులు అట్లా అర్థం చేసుకుంటారేమోనని నా టెన్షన్.

మిర్యాలగూడ: ‘విచారింప’ కుదరదు మేడం. కందంలో అన్నీ నాలుగు మాత్రల గణాలు. వి-చా-రిం అంటే లఘువు, రెండు గురువులు, అయిదు మాత్రలు. ‘వివరిం’ అయితే సరిగ్గా సరిపోతుంది, యతి కూడా వి-వి నిలబడుతుంది. పాఠం ‘వివరింపదగున్’. ఇందులో రెండో మాట లేదు.

పాలమూరు: గణాలు సరే సార్, అర్థం సంగతేంది? విన్నదాన్ని వివరించి చెప్పమంటే ఆ మనిషి రోజంతా గొంతులు అన్నవే అప్పజెప్తూ కూర్చోవాలి. సంస్కృతంలో వివరణ అంటే మూత తీయడం. బిలానికి కూడా ‘వివరం’ అనే పేరుంది. కాబట్టి ఇక్కడ ‘తెరిచి చూడాలి’ అనే నేను చదువుతాను.

దేవరకొండ: అంత దూరం పోవడం ఎందుకన్నా? మన ఇగురం ఉండగా! ‘ఇగురంగ మాట్లాడు’, ‘వానికి ఇగురం లేదు’ అంటాం కదా. వివరమే ఇవరమై, ఇగురమైంది. వినగానే ఉరకకు, ఇగురంగ చూడు. ఆ కాగితంలో ఈ మాటే పెట్టండి మేడం, మర్రిగూడ అవ్వకైనా తెలుస్తుంది.

మిర్యాలగూడ: వకారం గకారం ఎట్లయింది తమ్ముడూ?

దేవరకొండ: చివురు చిగురైనట్టు, పవడం పగడమైనట్టు సార్.

వనపర్తి: నేను సైకాలజీ చదివినదాన్ని. రెండో పాదం కన్నా మూడోదే నాకు ఇబ్బంది. ‘కని కల్ల నిజము దెలిసిన’ అన్నాడు. గొంతు చెప్పింది నిజమా కాదా అని ఆధారాలు వెతకడం సీబీటీ దారి, అంటే ఆలోచనలను సరిచూసుకోవడం నేర్పే మాటల చికిత్స. అంగీకార చికిత్స ఆ తగువులోకే దిగదు. నిజమైనా కాకపోయినా ఆ మాట వినిపిస్తుండగానే నీకు విలువైన పని నువ్వు చెయ్యి అంటుంది. 2002లో బాక్, హేస్ అనే పరిశోధకులు అమెరికాలో ఇలాంటి లక్షణాలతో ఆసుపత్రిలో ఉన్న 80 మందితో ఒక అధ్యయనం చేశారు. మామూలు వైద్యానికి తోడు సగం మందికి ఈ అంగీకార చికిత్స నాలుగే సెషన్లు ఇచ్చారు. తర్వాతి నాలుగు నెలల్లో వాళ్లలో మళ్లీ ఆసుపత్రిలో చేరినవాళ్లు రెండో గుంపులో సగమే. ఇంకా విశేషం, సెషన్లు అందినవాళ్లే లక్షణాలు ఉన్నాయని ఎక్కువగా ఒప్పుకున్నారు, వాటిని నమ్మడం మాత్రం తగ్గింది. ‘వినదగు’ అన్నది అక్కడ అక్షరాలా జరిగింది. అందుకే మొదటి రెండు పాదాలు వేసి ఆపేయండి అక్కా.

మిర్యాలగూడ: పద్యాన్ని సగానికి నరకొద్దు. ఆ ‘కని’ని పట్టుకొని ఇంత దూరం పోవాల్సిన పని కూడా లేదు. ప్రాస నకారం కాబట్టి వచ్చింది, అంతే.

పాలమూరు: ప్రాస కోసం వచ్చిన మాటకు అర్థం ఉండకూడదా సార్? ముందు కని, ఆ తర్వాతే కల్ల నిజం. చూడటానికి ఆయన విడిగా చోటిచ్చాడు.

సూర్యాపేట: ఈ సంగతికి సుమతి కన్నా పోతన దగ్గర. ‘కరి దిగుచు మకరి సరసికి గరి దరికిని మకరి దిగుచు గరకరి బెరయన్’. ఆ అంగీకార చికిత్సలో రాక్షసుడితో తాడు లాగే ఆట గురించి చెప్తారట, గెలవడం కాదు, తాడు వదిలెయ్యమని. పోతన ఆ గుంజులాటను వెయ్యేళ్లు నడిపించాడు. తర్వాత ఏనుగు నోట ఏమనిపించాడు? ‘లావొక్కింతయు లేదు, ధైర్యము విలోలంబయ్యె, బ్రాణంబులున్ ఠావుల్ దప్పెను, మూర్ఛ వచ్చె, దనువున్ డస్సెన్’. బలం, ధైర్యం, ప్రాణం, ఒళ్లు, ఒక్కొక్కదాన్ని పేరు పెట్టి చెప్పుకుంటూ పోయింది. ఆ పద్యం చదివినప్పుడల్లా నాకు కన్నీళ్లు ఆగవు.

నల్లగొండ: పేరు పెట్టి చెప్పుకోవడం అన్నది మాత్రం నిజంగా పనికొస్తుంది. అయితే గజేంద్రుడు శరణు కోరాడు, మేం చెప్పే అంగీకారం శరణాగతి కాదు, గొంతు మాటకు తలొగ్గడం అసలే కాదు. ఇంకొకటి, సైకోసిస్ (ఇట్లా లేని గొంతులు వినపడటం, లేనివి ఉన్నాయని నమ్మడం) ఉన్నవాళ్లను గంటసేపు కళ్లు మూసుకొని మౌనంగా కూర్చోబెట్టకూడదు. పాల్ చాడ్విక్ అనే సైకాలజిస్టు గుంపులకు నేర్పినప్పుడు పది నిమిషాల సాధనే పెట్టాడు. పక్కనే ఒకరు మాట్లాడుతూ ‘పాదం నేలకు తగులుతోంది, ఊపిరి వస్తోంది, గొంతు వస్తే రానివ్వు, మళ్లీ పాదం దగ్గరికి రా’ అని నడిపిస్తారు. పొడుగు నిశ్శబ్దంలో గొంతులదే రాజ్యమవుతుంది. మందులు మాత్రం ఆపొద్దు. ఇంతకూ ‘కని’ అని అచ్చు వేయనా?

మిర్యాలగూడ: ‘గని’ అని వేయాలి. ‘దగున్’ చివర ద్రుతం, అంటే నకారం ఉంది, దాని తర్వాత పరుషం ‘క’ సరళం ‘గ’ అవుతుంది. సూర్యాపేట సార్ ఆపేసిన పద్యంలోనే చూడండి, ‘బెరయన్’ తర్వాతి పాదం ‘గరికి మకరి’ అని మొదలవుతుంది.

పాలమూరు: అక్కడ వాక్యం సాగుతోంది. ఇక్కడ ‘దగున్’తో వాక్యం ముగిసింది. నేను చూసిన అచ్చు ప్రతులన్నింటిలో ‘కని’యే ఉంది.

దేవరకొండ: పాత ప్రతి ఎవరి దగ్గరైనా ఉంటే ఆ పేజీ ఫోటో పెట్టండి సార్. ఇగురం సంగతి మాత్రం నేను వదలను.