అందరూ సరైన జవాబే చెబుతున్నారు, మరి నా సర్వేలో ఏం అడగాలి?

పెరంబూరు నర్సు (ప్రశ్న)

నేను చెన్నైలో ఎమ్మెస్సీ నర్సింగ్ రెండో ఏడాది చదువుతున్నాను. కరోనా రోజుల్లో జనానికి ఏం తెలుసు, ఏమనుకున్నారు, నిజంగా ఏం చేశారు అన్నది నా థీసిస్. పెరంబూరు, వ్యాసర్పాడి వైపు మన తెలుగువాళ్ల ఇళ్లలో అడుగుతున్నాను. ముందుగా 12 ఇళ్లకు వెళ్లొచ్చాను.

చిక్కు ఏంటంటే, అందరూ అన్నిటికీ సరైన జవాబే చెబుతున్నారు. మాస్క్ పెట్టుకున్నారా? పెట్టుకున్నాం. 20 సెకన్లు చేతులు కడిగారా? కడిగాం. ఆరడుగుల దూరం పాటించారా? పాటించాం. ఒక పెద్దావిడ ఈ మాట చెప్పినప్పుడు మేం కూర్చున్న గదిలో నేను చేతులు చాపితే రెండు గోడలూ తగులుతాయి. ఆ ఇంట్లో ఉండేది ఏడుగురు.

కాగితాలు చూసి మా గైడ్ మేడమ్, "అందరికీ నూటికి తొంభై వస్తే నువ్వు కొత్తగా తెలుసుకున్నది ఏంటమ్మా?" అన్నారు. రాత్రంతా నిద్ర పట్టలేదు. వాళ్లు అబద్ధం చెబుతున్నారని నాకు అనిపించడం లేదు. నా ప్రశ్నలోనే ఏదో తప్పుంది. అప్పట్లో ఇలాంటి పని చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

వ్యాసర్పాడి అక్క

నేను చేశాను తల్లీ. 2020 వేసవిలో జ్వరం సర్వేకి రోజుకూలి మీద ఇంటింటికీ తిరిగాను. ఒక చేతిలో థర్మామీటరు, ఇంకో చేతిలో రిజిస్టరు. "ఇంట్లో ఎవరికైనా జ్వరం ఉందా" అని తెలుగులో, తమిళంలో కొన్ని వేలసార్లు అడిగుంటాను. "లేదు" తప్ప వేరే మాట విన్నది తక్కువ.

ఒక ఇంట్లో గుమ్మం దగ్గరే నిలబడి ఆవిడ "ఎవరికీ లేదమ్మా" అంటోంది. లోపలి నుంచి దగ్గు వినబడింది. వెంటనే ఆవిడ పక్కనున్న ఇత్తడి గిన్నె తీసి గరిటెతో గట్టిగా గీకడం మొదలుపెట్టింది. అందులో ఏమీ లేదు. నా మొహం చూడకుండా గీకుతూనే ఉంది. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తే.

ఆవిడకి తెలియక కాదు. జ్వరం అంటే ఏంటో నాకన్నా బాగా తెలుసు. కానీ నేను "జ్వరం" అనగానే ఆవిడకి తలుపు మీద స్టిక్కరు, వీధికి అడ్డంగా తగరపు రేకులు కనబడ్డాయి. 14 రోజులు మొగుడికి కూలి లేదు, తను పాచిపనికి వెళ్లే ఇంట్లో మళ్లీ గడప తొక్కనివ్వరు. ఆ ఏప్రిల్‌లోనే ఈ ఊళ్లో కరోనాతో పోయిన ఒక డాక్టరుగారిని పూడ్చడానికి తీసుకెళ్తే జనం రాళ్లు రువ్వారు. ఆయనకే ఆ గతి పడితే మాకేంటి అని నాతో నలుగురైదుగురు అన్నారు.

అప్పటి నుంచి నేను జ్వరం అని అడగడం మానేశాను. "ఇవాళ ఎవరికైనా జావ కాచారా అక్కా?" అనేదాన్ని. "నిన్న పనికి వెళ్లనిది ఎవరు?" అనేదాన్ని. జూన్‌లో వాసన పోవడం కూడా లక్షణాల్లో చేర్చాక "తాలింపు వాసన తెలుస్తోందా?" అనేదాన్ని. వీటికి ఎవరూ దాచలేదు. జావ కాచానని చెప్పేశాక మిగతాది వాళ్లే చెప్పుకునేవారు.

నీ ప్రశ్నలు కూడా అలాగే మార్చు. చేతులు కడిగారా అని కాకుండా, ఇంటికి రోజుకి ఎన్ని బిందెలు నీళ్లొచ్చేవి, పంపు దగ్గర ఎంతసేపు నిలబడేవారు అని అడుగు. 2019 ఎండాకాలంలో చెన్నైకి నీళ్లిచ్చే నాలుగు చెరువులూ ఎండిపోయాయి, లారీ వస్తే బిందెలతో పరిగెత్తాం. ఏడాది తిరక్కుండా కుళాయి విప్పి 20 సెకన్లు కడగమన్నాం. పైగా ఆ నీళ్ల కోసం వరుసలో ఒకరినొకరు ఆనుకుని నిలబడాలి. మాస్క్ పెట్టుకున్నారా అని కాకుండా ఎక్కడ తీసేవారో అడుగు. బయట పెట్టుకోకపోతే 200 రూపాయల జరిమానా కాబట్టి అందరూ పెట్టుకున్నారు. చుట్టాలింటికి వెళ్లగానే తీసేశారు, మనవాళ్ల దగ్గర మాస్క్ ఏంటని. అంటుకున్నది ఎక్కువగా అక్కడే అని నా నమ్మకం. ఒంట్లో ఏమీ తెలియకముందే రెండు రోజుల నుంచి అంటించగలరన్న సంగతి మాత్రం చాలామందికి చేరలేదు. నుదుటి దగ్గర నా థర్మామీటరు పెట్టి ఏమీ లేదంటే ఇక భయం లేదనుకునేవారు. దానికి నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఇంకోటి. మన పెద్దవాళ్లు ఇంట్లో మాట్లాడేది తెలుగే, చదవడం రాదు. కరపత్రాలు తమిళంలో వచ్చేవి. చదివి చెప్పింది మనవరాళ్లు. కాబట్టి "ఈ సంగతి మీకు ఎవరు చెప్పారు" అన్న ప్రశ్న తప్పకుండా పెట్టు.

అయనావరం కూరగాయలు

నేనూ ఒకటి చెబుతానండి. కోయంబేడులో సరుకు ఎత్తి అయనావరంలో అమ్మేవాణ్ణి. 2020 ఏప్రిల్ 26 నుంచి నాలుగు రోజులు అంతా బంద్ అని ముందు చెప్పారు. 25న మార్కెట్లో కాలు పెట్టే సందు లేదు. నేను మాస్క్ పెట్టుకునే వెళ్లాను, శానిటైజర్ సీసా జేబులోనే ఉంది. మూటలు నెత్తి మీద పెట్టుకుని వందలమంది ఒకరి మీద ఒకరు పడుతుంటే దూరం ఎక్కడ? ఆ రోజు సరుకు ఎత్తకపోతే నాలుగు రోజులు నా వీధికి కూర లేదు, నాకు కూలి లేదు. మే 5న మార్కెట్ మూసేసి తిరుమళిసైకి మార్చారు. అప్పటికే మాలో చాలామందికి వచ్చేసింది, నాకూ వచ్చింది. మీ కాగితంలో "తెలిసి కూడా వెళ్లాల్సి వచ్చిందా, ఎందుకు" అని ఒక గడి పెట్టండమ్మా.

కోడంబాక్కం

టీకా గురించి కూడా అడగండి. 2021 ఏప్రిల్ 15న నటుడు వివేక్ గారు ప్రభుత్వాసుపత్రిలో టీకా వేయించుకున్నారు, 17న గుండెపోటుతో పోయారు. గుండె రక్తనాళం మూసుకుపోయింది, టీకాతో సంబంధం లేదని డాక్టర్లు చెప్పారు. మా నాన్న ఆ వార్త మొత్తం చదివి మాకే వివరించారు. అయినా తను మాత్రం వేయించుకోనన్నారు. జూన్‌లో ఎందుకు వేయించుకున్నారంటే, మా వీధి చివర ఇస్త్రీ బండాయన రెండు డోసులూ వేసుకుని ఎప్పటిలాగే బొగ్గులు రాజేస్తూ కనబడ్డాడట. రోజూ కళ్లెదుట ఉండే మనిషి.

పెరంబూరు నర్సు

అందరికీ చాలా థాంక్స్. నిన్న ఆ ఏడుగురున్న ఇంటికే మళ్లీ వెళ్లాను. జావ సంగతి అడిగాను అక్కా. పెద్దావిడ కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "కాచాను. మా ఆయనకి. మూడు రోజులు తాగాడు" అంది. నేను రాయడం ఆపి పెన్ను పక్కన పెట్టేశాను. ఒక్క ఇబ్బంది, ఏ నెలలో అంటే ఆవిడకి గుర్తు లేదు.

వ్యాసర్పాడి అక్క

నెలలు అడగకు, పండగలు అడుగు. మొదటి లాక్‌డౌన్ 2020 మార్చి 25, సరిగ్గా ఉగాది రోజే మొదలైంది. రెండోసారి ఉధృతం పెరుగుతున్నప్పుడు కూడా ఉగాదే, 2021 ఏప్రిల్ 13. ఆ రెండు ఉగాదులకీ పచ్చడిలోకి వేపపువ్వు ఎవరు తెచ్చారో అడుగు, ఆ ఇంట్లో గడప దాటింది ఎవరో తెలిసిపోతుంది. కోడళ్ల ముందు అడగొద్దు. ఆవిణ్ణి మళ్లీ కలిస్తే కొంచెం ఎక్కువసేపు కూర్చో.